పద్దెనిమిదో నిమిషం

ఆ అద్దకం మిల్లులో టైమ్ కీపరుని అసలు పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కడూ లేడు. అందరికీ ఆయన ‘ఎక్కాలు’. ఇరవై దాకా ఎక్కాలు నోటికి రావడం పెద్ద గొప్పేమీ కాదు, చిన్నప్పుడు బెత్తం దెబ్బలు తిన్నవాళ్లలో చాలామందికి వస్తాయి. ఈయనకి ఇరవై తొమ్మిది దాకా వచ్చు. వస్తే వచ్చాయిలే అని ఊరుకుంటే బాగుండేది. ఊరుకోడే! గేటు దగ్గర మనిషి కనబడితే చాలు, "ఇరవై మూడు పదిహేడులు ఎంతరా?" అని పట్టుకోవడం, వాడు బుర్ర గోక్కుంటుంటే "మూడువందల తొంభై ఒకటి" అని తనే చెప్పేసి మీసం దువ్వుకోవడం. అయిదో తరగతితో ఆగిపోయిన చదువు అది. వాళ్ల మాస్టారు లెక్కలంటే ఎక్కాలే అనుకునేవాడు, ఈయనా అదే అనుకుని యాభై రెండేళ్లు బతికేశాడు.

పెళ్లీ పెటాకులూ లేవు. నా అనేవాళ్లెవరయ్యా అంటే గోడ అవతలి చెల్లెలు, బావ, మేనకోడలు. గోడ అవతల అంటే నిజంగానే గోడ అవతల. మిల్లు వాళ్లు కట్టిన వరస గదుల్లో ఈయనది ఆరోది, చెల్లెలిది ఏడోది, మధ్యలో ఒకే ఒక్క ఇటుక గోడ. అటు పళ్లెం కింద పడితే ఇటు వినబడుతుంది. ఇటు ఈయన దగ్గితే అటు నుంచి "కాసిని వేడినీళ్లు తాగు అన్నయ్యా!" అని చెల్లెలు కేకేసేది.

పదకొండు రోజులుగా ఆ గోడ అవతల నుంచి కేకలు లేవు. ఏడుపు ఒక్కటే వినబడుతోంది. బావ చచ్చిపోయాడు.

ఎలా చచ్చిపోయాడో చెప్పాలంటే ముందు ఆ మిల్లు సంగతి చెప్పాలి. అక్కడ రెండు పెద్ద కాగులున్నాయి, ఒక్కోటి ఒక గది అంత. తూర్పు షెడ్డులో ఎర్రరంగుది, పడమటి షెడ్డులో నల్లరంగుది. గుడ్డ ఉడకగానే కాగు తనంతట తానే అడుగు మూత తెరుచుకుని మరిగే నీళ్లు వదిలేస్తుంది, అరనిమిషంలో ఖాళీ అయి మళ్లీ నిండుతుంది. ఎర్ర కాగు పన్నెండు నిమిషాలకోసారి. నల్ల కాగు పదిహేడు నిమిషాలకోసారి. ఉదయం ఏడింటికి గంట కొట్టగానే రెండూ ఒక్కసారే తెరుచుకుంటాయి, అక్కణ్ణుంచి దేని దారి దానిది.

రెండిటి నీళ్లూ నేల కింద ఒకే ఇటుక కాలువలో పడతాయి. ఆ కాలువ మధ్యలో ఓ ఇనుప జల్లెడ. గుడ్డల పీచంతా అక్కడ పేరుకుపోతుంది. రోజూ ఒక మనిషి దిగి దాన్ని లాగెయ్యాలి, లేకపోతే మురుగు ఎగదన్ని షెడ్లలోకి వస్తుంది. దిగిన మనిషి నిలబడటానికి పక్కన ఓ మెట్టు ఉంది. ఒక్క కాగు నీళ్లొస్తే మెట్టు కిందనుంచి పోతాయి. ఆవిరి కొడుతుంది, ఒళ్లంతా చెమటలు పడతాయి, అంతే. రెండు కాగులూ ఒకేసారి వదిలితే మాత్రం కాలువ కప్పు దాకా నిండుతుంది. అప్పుడు లోపలున్నవాడు ఉడికిపోతాడు. దీన్ని మెత్తగా చెప్పే దారి నాకు తెలియదు.

అందుకని కాలువ మూత పక్కన ఓ నల్లబల్ల పెట్టారు. దానిమీద ‘రెండు నీళ్లు కలిసే వేళ’ అని రాసి ఉంటుంది. ఆ వేళ కట్టేది ఎక్కాలు. ఎలా కట్టేవాడు? పన్నెండు పదిహేడులు రెండువందల నాలుగు. ఏడింటి నుంచి రెండువందల నాలుగు నిమిషాలంటే పదీ ఇరవై నాలుగు. దానికి ముందు దిగి పైకొచ్చేస్తే ప్రాణానికి ఢోకా లేదు. తొమ్మిదేళ్లు ఆ లెక్క వీసమెత్తు తప్పలేదు. "రెండు అంకెల్నీ గుణించెయ్యడమే, దీనికి ఇంజనీర్లెందుకు?" అని ఈయన మేస్త్రీ దగ్గర కూడా కోసేవాడు. మేస్త్రీ నిజమే కాబోలనుకునేవాడు.

ఆ కాలువలో దిగే పని బావది. ఎప్పుడు చూసినా తడిసే ఉంటాడని అందరూ ‘నీటికోడి’ అనేవాళ్లు. నోట్లో నాలుక లేని మనిషి. చుక్క ముట్టేవాడు కాదు. పనికి దిగేముందు బావగారి దగ్గరకొచ్చి వేళ అడిగి, బల్ల చూసుకుని, తొమ్మిదింటికి ఎర్ర కాగు నీళ్లు పోయేదాకా ఆగి, అప్పుడు మూత ఎత్తేవాడు.

పన్నెండు రోజుల కిందట నల్లరంగు సరిగ్గా పట్టడం లేదని, ఇంకో నిమిషం ఉడకాలని పైనుంచి ఉత్తరువొచ్చింది. పదిహేడు కాస్తా పద్దెనిమిదయింది. ఒక్క నిమిషం. మర్నాడు పొద్దున్నే బావ అడిగాడు.

"నల్ల కాగు మార్చారంటగా బావా. వేళ మారిందా?"

"మారకేం! పన్నెండు పద్దెనిమిదులు రెండువందల పదహారు. పదీ ముప్పై ఆరు. నీకింకా పన్నెండు నిమిషాలు కలిసొచ్చాయి, పండగ చేస్కో."

"అయితే ఈవేళ తాపీగా కానిస్తా," అని నవ్వి వెళ్లాడు బావ. ఆయన నోటెంట ఈయన విన్న ఆఖరి మాట అదే.

కాలువ వైపు నుంచి కేక వినబడగానే ఎక్కాలు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? గడియారం చూసి పుస్తకంలో వేళ రాయడం. ‘9.24’. ఇరవై ఏళ్ల అలవాటు, చెయ్యి తనంతట తనే రాసేసింది. ఆ తర్వాతే పరిగెత్తాడు. పైకి తీశాక మనిషిని గుర్తుపట్టింది రబ్బరు బూట్లని బట్టి.

మేనేజరు విచారణ పెట్టాడు. కాగుల దగ్గర పనివాళ్లనడిగితే "మాకేం తెలుసయ్యా, అదే తెరుచుకుంటుంది, అదే మూసుకుంటుంది, ఆ ఆవిర్లో గడియారం ఎవడు చూస్తాడు?" అన్నారు. అప్పుడు ఎక్కాలుని పిలిచారు. ఈయన నిటారుగా నిలబడి, మీసం దువ్వుకోలేదు గానీ, అదే గొంతుతో చెప్పాడు, "లెక్క ప్రకారం పదీ ముప్పై ఆరు దాకా రెండు నీళ్లు కలిసే సమస్యే లేదండి." సంతకం కూడా పెట్టాడు.

ఇంకేముంది, మేనేజరుకి పని తేలికయింది. ఒక్క కాగు నీళ్లే వచ్చాయి. ఒక్క కాగు నీళ్లు మెట్టెక్కవు. అంటే మనిషే మెట్టు దిగి కాలువలో పడి ఉండాలి. ఒళ్లు తెలిసినవాడు పడడు కాబట్టి తాగి ఉండాలి. ‘మద్యం మత్తులో స్వయంకృతాపరాధం’ అని రాసి అందరూ చేతులు దులుపుకున్నారు.

ఆ రోజు చెల్లెలు ఈయన చొక్కా పట్టుకుని అడిగింది. "అన్నయ్యా, ఆయన సంగతి నీకు తెలీదూ? నువ్వు కూడా అలాగే అనుకుంటున్నావా?"

"లెక్క అబద్ధం చెప్పదమ్మా," అన్నాడు ఎక్కాలు. అన్నాడండీ, సొంత చెల్లెలితో!

చొక్కా వదిలేసి ఆమె లోపలికెళ్లిపోయింది. అప్పుడు కూడా అన్నని ఒక్క మాట అనలేదు. రాత్రి అన్నం ఎప్పటిలాగే పిల్ల చేత గోడ ఇవతలకి పంపింది.

ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు బూట్ల కోసం మిల్లు స్టోరుకి వెళ్లింది. తెల్లారితే సోమవారం, ఆ కాలువ పని ఇక ఆమెది. బావ పోయాక లోపలికి ఎవరూ దిగలేదు, దిగమంటే ఒక్కడూ ఒప్పుకోలేదు, పీచు పేరుకుని నీళ్లు ఎగదన్నుతున్నాయి. మేస్త్రీ గదికొచ్చి "మీ ఆయన పని నీకే ఇస్తామమ్మా" అన్నాడు, ఏదో వరమిచ్చినట్టు. కాదంటే గది ఖాళీ చెయ్యాలి. పిల్లని వెంటేసుకుని ఎక్కడికి పోతుంది? సరేనంది. వద్దని ఎక్కాలు కూడా అనలేదు. తన లెక్క మీద ఆయనకి అంత నమ్మకం. తొమ్మిదింటికి దిగి మెట్టు మీద నిలబడితే ఏమీ కాదని చెల్లెలికి తనే ధైర్యం చెప్పాడు.

ఆ మధ్యాహ్నం మేనకోడలు నోటు పుస్తకం పట్టుకుని ఈయన గదికొచ్చింది. ఆరో తరగతి. తండ్రి పోయాక మాట్లాడటం తగ్గించేసింది గానీ, లెక్కలంటే మాత్రం ఇంకా మొహం కాస్త విచ్చుకుంటుంది.

"మామయ్యా, నీకు కసాగు వచ్చా?"

"కసాగేంటే, ఎవర్నో కసురుకున్నట్టు?"

"కనిష్ఠ సామాన్య గుణిజం. రెండు అంకెల ఎక్కాలుంటాయా, ఆ రెండిట్లోనూ వచ్చే అంకెల్లో అన్నిటికన్నా చిన్నది."

"ఓస్, ఇంతేనా! ఏమిచ్చారు?"

"నాలుగు, ఆరు."

"నాలుగు ఆర్ల ఇరవై నాలుగు. రాసేయ్."

పిల్ల రాయలేదు. పెన్సిలు చివర కొరుకుతూ "తప్పు మామయ్యా" అంది.

"తప్పా? నాకా?" ఎక్కాలు నవ్వాడు. బావ పోయాక నవ్వడం అదే మొదలు. "నాలుగు ఆర్లు ఇరవై నాలుగు కాకపోతే ఇంకెంతే?"

"ఇరవై నాలుగే. కానీ దానికంటే ముందే కలుస్తాయి. చూడు, నాలుగు, ఎనిమిది, పన్నెండు. ఆరు, పన్నెండు. పన్నెండు దగ్గరే కలిసిపోయాయి. ఇరవై నాలుగు రెండోసారి."

ఎక్కాలు పుస్తకం దగ్గరకి లాక్కున్నాడు. ఏదో గారడీలా అనిపించింది. "ఇందులో ఏదో మెలికుంది. అయిదు, ఏడు చెప్పు."

"ముప్పై అయిదు."

"మరి! అది గుణిస్తే వచ్చిందిగా!"

"అబ్బ మామయ్యా, నీకెలా చెప్పాలి!" పిల్ల అచ్చం వాళ్ల టీచరులా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మా గదికి ఎన్ని గోడలు?"

"నాలుగు."

"నీ గదికి?"

"నాలుగు."

"రెండు గదులకీ కలిపి ఎన్ని?"

"ఎనిమిది," అన్నాడు ఎక్కాలు ఠక్కున.

"ఏడు మామయ్యా! మధ్య గోడ ఇద్దరిదీ కదా. దాన్ని నువ్వు రెండుసార్లు లెక్కపెట్టేశావు. ఇదీ అంతే. నాలుగంటే రెండు రెళ్లు. ఆరంటే రెండు మూళ్లు. ఆ రెండు ఇద్దరిదీ. నువ్వు ఊరికే గుణించేస్తే అది రెండుసార్లు పడిపోయి జవాబు రెట్టింపయిపోతుంది. అయిదుకీ ఏడుకీ మధ్య గోడ లేదు, అందుకని గుణించినా సరిపోయింది."

ఎక్కాలు గోడ వైపు చూశాడు. ఆ తర్వాత అడిగాడు. అడగకుండా ఉండగలిగితే బాగుండునని ఆయన తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"పన్నెండు, పదిహేడు?"

పిల్ల వేళ్లు మడిచింది. "మధ్య గోడ లేదు. గుణించెయ్యడమే."

"పన్నెండు, పద్దెనిమిది?"

"వీటికి పేద్ద గోడుంది. రెండిట్లోనూ రెండు పోతుంది, మూడు పోతుంది, ఆరు పోతుంది. ఆరు!" పిల్ల గబగబా గీతలు గీసి, కొట్టేసి, సంబరంగా తలెత్తింది. "ముప్పై ఆరు! గుణిస్తే రెండువందల పదహారొస్తుంది, దాన్ని ఆరుతో భాగిస్తే ముప్పై ఆరు. గోడ ఎంత పెద్దదయితే అంత తొందరగా కలుస్తాయన్నమాట. చూశావా, ఎంత తొందరగా చెప్పానో!"

"చూశానమ్మా," అన్నాడు ఎక్కాలు.

ముప్పై ఆరు. డెబ్భై రెండు. నూట ఎనిమిది. నూట నలభై నాలుగు. పన్నెండు పన్నెండ్ల నూట నలభై నాలుగు. పద్దెనిమిది ఎనిమిదుల నూట నలభై నాలుగు. ఆ రెండూ ఆయనకి ఏడేళ్ల వయసు నుంచి నోటికొచ్చు. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. రెండూ ఒకే నూట నలభై నాలుగని ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. ఏడింటి నుంచి నూట నలభై నాలుగు నిమిషాలు. రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. తొమ్మిదీ ఇరవై నాలుగు.

ఆ వేళ ఆయన సొంత దస్తూరీలోనే పుస్తకంలో ఉంది. బావ మెట్టు మీదే నిలబడి ఉన్నాడు. బుద్ధిగా, తాపీగా, ఈయన చెప్పినట్టే పని చేసుకుంటూ ఉన్నాడు. రెండు నీళ్లూ వచ్చి మీద పడ్డాయి. పడ్డాక కూడా ఈయన ఊరుకోలేదు, పోయినవాడికి తాగుబోతని ముద్ర వేయించి సంతకం పెట్టి వచ్చాడు.

"మామయ్యా, ఏమైంది?"

"ఏం లేదమ్మడూ."

పిల్ల పుస్తకం మూసి కాసేపు అట్ట గీకుతూ కూర్చుంది. "మామయ్యా, బళ్లో పిల్లలు నన్ను తాగుబోతు కూతురంటున్నారు. నాన్న తాగేవాడా? అమ్మనడిగితే ఏడుస్తోంది. నువ్వు చెప్పు, నువ్వు అబద్ధం చెప్పవుగా."

అప్పుడైనా నోరు పెగలాలి కదా మనిషికి! పెగల్లేదు. "పొద్దుపోతోంది, మీ అమ్మొచ్చే వేళయింది, వెళ్లు" అని పిల్లని పంపేశాడు. కాసేపటికి గోడ అవతల చెల్లెలి గొంతు వినబడింది. స్టోరు వాళ్లు బావ బూట్లే కడిగి ఇచ్చారట. పెద్దవయ్యాయని లోపల పాత గుడ్డలు కుక్కుతోందట. పిల్ల సాయం పడుతోంది.

లేచి పది అడుగులేసి ఆ గుమ్మంలోకి వెళ్తే చాలు. వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదు. అదొక్కటే కాదు, నిజం చెప్పాలంటే భయం వేసింది. చెల్లెలు ఏమంటుందోనని, మిల్లులో జనం ఏమంటారోనని, ఇరవై తొమ్మిది ఎక్కాలొచ్చిన మొనగాడు ఆరో తరగతి పిల్లకి తెలిసింది తెలియక మనిషిని చంపాడని చెప్పుకుంటారని. ఆఖరికి ఒక ఉపాయం తట్టింది. తెల్లవారి నల్ల కాగుని మళ్లీ పదిహేడు చేయిస్తే సరి. పాత లెక్క పాత లెక్కలా ఉంటుంది, చెల్లెలికి ప్రమాదం ఉండదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇంత దిక్కుమాలిన ఆలోచన కూడా ఆ క్షణంలో ఆయనకి దేవుడిచ్చిన దారిలా కనబడింది.

సోమవారం ఆరున్నరకే మేస్త్రీని పట్టుకున్నాడు.

"నల్ల కాగు మళ్లీ పదిహేడు చేయించండి."

"ఎందుకు?"

"పదిహేడే బాగుంది."

"నీకు మతిగానీ పోయిందా? పద్దెనిమిది పెట్టాకే రంగు దిట్టంగా పడుతోంది. నువ్వు వేళలు చూసుకో నాయనా, రంగుల సంగతి నీకెందుకు?" అని మేస్త్రీ కసురుకుని వెళ్లిపోయాడు.

ఎక్కాలు నల్లబల్ల దగ్గరకొచ్చాడు. ఇంకో దారి లేదు. తడిగుడ్డతో 10.36 తుడిచేసి కొత్తగా రాయడం మొదలుపెట్టాడు. 7.36. 8.12. 8.48. నాలుగోది రాయడానికి చెయ్యి రాలేదు. సుద్దముక్క బల్ల మీద ఆనించి అలాగే నిలబడిపోయాడు. అది రాస్తే చదవడం వచ్చిన ప్రతివాడికీ అర్థమైపోతుంది. రాయకపోతే చెల్లెలు ఆ వేళకి లోపలే ఉంటుంది. రాశాడు. 9.24. ఆ తర్వాత 10.00, 10.36.

వెనక నుంచి బూట్ల చప్పుడు. చెల్లెలు. చీర కుచ్చెళ్లు దోపుకుని, ఆ బూట్లు ఈడ్చుకుంటూ వచ్చి బల్ల ముందు నిలబడింది. ఆమెకి పెద్ద చదువు లేదు గానీ వేళలు చదవడం వచ్చు.

"ఒక్క వేళే ఉంటుందన్నావుగా అన్నయ్యా. ఆరు రాశావేంటి?" అంటూ ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది. నాలుగోదాని దగ్గర కళ్లు ఆగిపోయాయి.

"తొమ్మిదీ ఇరవై నాలుగు," అంది. "ఈ వేళకి రెండు నీళ్లూ కలుస్తాయా?"

"కలుస్తాయి."

"ఎప్పట్నించి?"

"పద్దెనిమిది పెట్టిన దగ్గర్నుంచి."

"అంటే ఆయన పోయిన రోజు కూడా."

"అవునమ్మా."

"ఆయన తాగలేదు."

"తాగలేదు. మెట్టు కూడా దిగలేదు. అంతా నేను చెప్పినట్టే చేశాడు. తప్పు నాదమ్మా. గుణించకూడనిచోట గుణించేశాను." ఎక్కాలు ఏడుస్తున్నాడు. "నిన్నటిదాకా నాకూ తెలీదు. నీ కూతురు లెక్క చేస్తూ చెప్పింది. ఏం లెక్కో దానికి తెలీదు."

చెల్లెలు గోడకి చెయ్యి ఆనించింది. పడిపోతుందేమోనని ఈయన పట్టుకోబోతే వెనక్కి జరిగింది. "నిన్న మధ్యాహ్నం తెలిసిందా నీకు?" అంది మెల్లగా. "నిన్న సాయంత్రం నేను గోడ పక్కనే ఉన్నాను. ఈ బూట్లలో గుడ్డలు కుక్కుకుంటూ ఉన్నాను. రాత్రి అన్నం కూడా పంపాను. తిన్నావు."

ఎక్కాలు చేతిలో సుద్దముక్క బల్ల అంచున పెట్టాడు.

"బల్ల మీద రాసి ఊరుకుంటే కాదు. అందరి ముందూ నోటితో చెప్పు. ఆయన తాగాడని నోటితోనేగా చెప్పారు."

"నేను తాగాడని అనలేదమ్మా, లెక్క మాత్రమే..."

"వెళ్లి చెప్పు."

చెప్పాడు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. ఏడింటి గంట కొట్టేముందు రెండు షెడ్ల వాళ్లూ గేటు దగ్గర గుమిగూడి ఉండగా ఓ బెంచీ ఎక్కి నిలబడి చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. తిట్టలేదు కూడా. ఎర్ర కాగు దగ్గర పనిచేసే ముసలాయన ఒక్కడే "అయ్యో నీటికోడీ" అన్నాడు. ఎక్కాలు అక్కణ్ణుంచి సరాసరి టైము పుస్తకం తెరిచి, ఆ రోజు పేజీలో 9.24 కింద రాశాడు: ‘ఈ వేళకి రెండు నీళ్లూ కలిశాయి. వేళ తప్పుగా కట్టింది నేను. మా బావ తాగి లేడు.’ కింద సంతకం పెట్టాడు. ఈసారి సంతకం వంకర్లు పోయింది.

మేనేజరు పుస్తకం తెప్పించుకుని చూశాడు. రిపోర్టు పైకి వెళ్లిపోయింది, వెనక్కి రాదు, తిరగరాయడం కుదరదన్నాడు. బల్ల మీద కొత్త వేళలు బాగానే ఉన్నాయి, అలాగే ఉంచమన్నాడు. "నువ్వు మాత్రం సాయంత్రం దాకా పనిచేసి పుస్తకం అప్పగించెయ్. గది కూడా ఖాళీ చెయ్యి." అంతే, ఇంకో కాగితం అందుకున్నాడు. కాగితంలో బావ తాగుబోతుగానే ఉండిపోయాడు.

బయటికొచ్చేసరికి చెల్లెలు కాలువ మూత దగ్గర గడియారం వైపు చూస్తూ కూర్చుని ఉంది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. చేతులు జోడించాడు. "దిగొద్దమ్మా. నిన్నూ పిల్లనీ నేను చూసుకుంటాను. ఎక్కడికైనా పోదాం."

ఆమె ఆయన మొహంలోకి చూడలేదు. "పిల్లకి నేనే చెబుతాను, ఇవాళే," అంది. "ఎవరో చెబితే వినడం కన్నా నయం. మా గుమ్మం తొక్కొద్దు."

తొమ్మిదీ ఇరవై నాలుగయింది. నేల కింద రెండు వైపుల నుంచీ ఒక్కసారే హోరుమని వచ్చింది. కాలి కింద బండలు అదిరాయి, మూత అంచుల నుంచి ఆవిరి ఎగజిమ్మింది. అరనిమిషం. అంతసేపూ ఆమె కళ్లార్పకుండా ఆ మూతనే చూస్తూ కూర్చుంది. ఆ అరనిమిషం ఎంతసేపుంటుందో ఇప్పుడామెకి తెలిసింది. హోరు తగ్గాక లేచి, మూత పక్కకి జరిపి, నిచ్చెన మీద కాలు పెట్టింది.

ఆమె తల కిందికెళ్లిపోయాక ఎక్కాలు మూత పక్కనే మోకాళ్ల మీద కూలబడ్డాడు. లోపల చీకటి, ఆవిరి, ఇనుప కొక్కెం జల్లెడకి తగిలే చప్పుడు. తొమ్మిదీ ముప్పై ఆరుకి ఎర్ర నీళ్లు వచ్చాయి, మెట్టు కిందనుంచి పోయాయి. నలభై రెండుకి నల్ల నీళ్లు. నలభై ఎనిమిదికి మళ్లీ ఎర్రవి. వచ్చిన ప్రతిసారీ ఆయన పెదాలు వాటంతట అవే ఎక్కం చదువుతున్నాయి, నోరు గట్టిగా మూసుకున్నా ఆగడం లేదు.

తొమ్మిదీ యాభై రెండు. పదింటికి రెండూ కలుస్తాయి.

"పైకొచ్చెయ్ తల్లీ!" అని అరిచాడు లోపలికి. "యాభై రెండయింది, వచ్చెయ్!"

కొక్కెం చప్పుడు ఆగింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ గొంతు ఆయన్ని ఒక్క పిలుపుతోనే పిలిచింది. మిల్లులోనైనా, గోడ అవతల నుంచైనా, చొక్కా పట్టుకుని ఏడుస్తున్నప్పుడైనా, ఆఖరికి ఇవాళ పొద్దున బల్ల ముందు నిలబడినప్పుడైనా. ఇప్పుడూ దానికోసమే చెవి ఆ ఆవిర్లో పెట్టి ఉంచాడు.

"ఇంకా ఎనిమిది నిమిషాలుందండీ, టైమ్ కీపరుగారూ," అంది కింద నుంచి చెల్లెలు. "వేళ మీరు చెబుతూ ఉండండి. గడియారం నేనూ చూసుకునే దిగాను."

ఎక్కాలు గడియారం వైపు తలెత్తాడు.

"ఏడు," అన్నాడు. కాసేపాగి, "ఆరు," అన్నాడు.